గీజర్ సంగతి తర్వాత, ముందు ఎర్తింగు చూడండమ్మా

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. ఇంట్లో 15 లీటర్ల గీజర్ ఉంది, కొని నాలుగేళ్ళయింది. పోయిన చలికాలం దాకా అరగంట లోపే నీళ్ళు కాగేవి. ఈ ఏడు పొద్దున్న ఆరింటికి వేస్తే ఏడింటికి గానీ కాగడం లేదు. కాగేటప్పుడు లోపల గురగురమని చప్పుడు. కింద వాల్వు నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. దానికితోడు పది రోజులుగా స్టీలు కుళాయి పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది, మా అత్తగారైతే కుళాయికి గుడ్డ చుట్టి తిప్పుతున్నారు. మిస్త్రీని పిలిస్తే కాయిల్ పోయింది మార్చాలన్నాడు, కారే వాల్వుకి డమ్మీ కొట్టి మూసేస్తానన్నాడు. మావారేమో దీన్ని పడేసి 25 లీటర్లది కొందామంటున్నారు. మేం వాడేది బోరు నీళ్ళు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

చెల్లెమ్మా, మీరు అడిగిన వరసలో జవాబు చెప్పను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో ఎక్కడో చివర్న, దానికితోడు అంటూ ఒక మాట రాశారు చూడండి, చెయ్యి జిల్లుమంటోందని, అది మొదటి వాక్యం కావాల్సింది. ఇది చదవగానే లేచి వెళ్ళి గీజర్ స్విచ్చి ఆపండి. ఆపడమే కాదు, ప్లగ్గు బోర్డులోంచి లాగేయండి. ప్లగ్గు లేకుండా వైరు నేరుగా కలిపి ఉంటే దాని ఎంసీబీ (మెయిన్ బోర్డులో దానికున్న చిన్న స్విచ్చి) కిందకి దించేయండి. బాగయ్యేదాకా పొయ్యి మీద గిన్నెతో కాచుకోండి, నాలుగు రోజులు గ్యాసు ఖర్చయితే అయింది. రాడ్డు మాత్రం తెచ్చి బకెట్లో పడేయకండి, అది గీజర్ కంటే పెద్ద తంటా.

గుడ్డ చుట్టి తిప్పడం గురించి కూడా ఒక మాట. స్నానాల గదిలో ఉన్న గుడ్డ పొడిగా ఎంతసేపు ఉంటుంది చెప్పండి? తడిసిన గుడ్డ కరెంటుని ఆపదు. పైగా గుడ్డ ఉంది కదా అని కుళాయిని గట్టిగా పట్టుకుంటాం. అత్తగారికి ఈ సంగతి మీరు చెబితే వింటారో లేదో గానీ, నా పేరు చెప్పి చెప్పండి.

ఇప్పుడు ఆ జిల్లుమనడం ఎక్కడిదో చూద్దాం. గీజర్ లోపల కాయిల్ అంటే పొయ్యి కాయిల్ లాగా బయటికి కనబడే తీగ కాదు. ఒక రాగి గొట్టం, దాని మధ్యలో కాలే తీగ, ఆ రెంటికీ నడుమ కూరిన తెల్లటి పొడి. ఆ పొడి వేడిని బయటికి పంపుతుంది, కరెంటుని మాత్రం పంపదు. గొట్టం మీద సున్నం గార కట్టి అక్కడక్కడ మితిమీరి కాలితే గొట్టానికి సన్నటి చీలిక వస్తుంది, వెంట్రుక పట్టేంత. అందులోంచి నీళ్ళు పొడిలోకి పోతాయి, కరెంటు నీళ్ళలోకి వస్తుంది. మీ పైపులు ప్లాస్టిక్‌వైనా లాభం లేదు, నీళ్ళే తీగలా మోసుకొచ్చి స్టీలు కుళాయికి అప్పజెప్తాయి. మీరేమో తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉంటారు.

ఇంతవరకు మీ మిస్త్రీ మాట కొంత నిజమే కావచ్చు, కాయిల్ చీలి ఉండొచ్చు. కానీ అతను చెప్పని సగం ఇంకొకటి ఉంది. కాయిల్ చీలినా, ఎర్తింగు సరిగ్గా ఉంటే ఆ కరెంటు మీ చేతిదాకా రాకూడదు. గీజర్ ఒంటి మీంచి ఆకుపచ్చ తీగలో దిగి భూమిలోకి పోవాలి, ఆ పోవడంలో ఎంసీబీయో ఇంకోటో టక్కున పడిపోవాలి. పది రోజులుగా పడకుండా మీ చేతికి జిల్లుమంటోందంటే ఆకుపచ్చ తీగ ఎక్కడో లేదన్నమాట. అంటే తప్పులు రెండు. ఒక్క కాయిల్ మార్చి వెళ్ళిపోతే జిల్లుమనడం ఆగుతుంది, మీరూ మర్చిపోతారు, మళ్ళీ రెండేళ్ళకి కాయిల్ చీలిన రోజున అదే కథ.

ఇది పుస్తకం చూసి చెప్తున్నది కాదు. నేను రాయగడలో ఒక కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసి రిటైరైన మనిషిని. పగలంతా ఫ్యాక్టరీలో మోటార్లకి ఎర్తింగు కొలిచేవాణ్ణి, ఇంట్లో మాత్రం అద్దె ఇల్లు కదా, ఓనరు వేయించే ఉంటాడులే అని ఊరుకున్నాను. ఒకరోజు మా ఆవిడ మీ మాటే అంది, కుళాయి చిమచిమలాడుతోందని. గీజర్ బోర్డు మూత నాలుగు స్క్రూలు విప్పి చూద్దును కదా, ఎర్ర తీగ ఉంది, నల్ల తీగ ఉంది, ఆకుపచ్చ తీగ కూడా ఉంది. అయితే దాని కొన సాకెట్టు పై పిన్నులో లేదు. చక్కగా కత్తిరించి, కొసకి నల్ల టేపు రెండు చుట్లు చుట్టి, వెనక్కి మడిచి డబ్బా మూలలో కుక్కేసి ఉంది. తగిలించడానికి బద్ధకించిన మనిషి టేపు చుట్టడానికి మాత్రం ఎంత శ్రద్ధ పెట్టాడో! సాకెట్టుకి మూడు చిల్లులు ఉన్నాయి కదా అని బయటి నుంచి చూసి నమ్మేయడానికి లేదు, నేనే ఆరేళ్ళు నమ్మాను.

కాబట్టి మిస్త్రీ వచ్చినప్పుడు పక్కనే నిలబడండి. ఒడియా అబ్బాయైతే ముందుగా "ఆర్థింగ్ అఛి కి?" (ఎర్తింగు ఉందా?) అని అడగండి. ఉందంటే, చూపించమనండి. ఒక వంద వాట్ల బల్బుకి రెండు తీగలు కట్టి ముందు ఫేజుకీ నూట్రల్‌కీ పెట్టి చూపించమనండి, తర్వాత ఫేజుకీ ఎర్తుకీ. రెండుసార్లూ ఒకేలా వెలగాలి. రెండోసారి మిణుకుమిణుకుమంటే ఎర్తు పేరుకే ఉంది. ఈ పరీక్ష అతను చెయ్యాలి, మీరు కాదు, మీవారూ కాదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే టక్కున పడిపోయే స్విచ్చి) ఉంటే రెండోసారి బల్బు వెలగకుండానే అది పడిపోతుంది, అలా పడిందంటే ఎర్తులోకి కరెంటు దిగుతోందనే లెక్క.

ఇంకొక మోసం ఉంది, అది బల్బు పరీక్షకి కూడా చిక్కదు. ఎర్తు గుంత తవ్వే ఓపిక లేక కొందరు సాకెట్టులోనే నూట్రల్ పిన్నుకీ ఎర్తు పిన్నుకీ మధ్య చిన్న తీగ ముక్క వేసేస్తారు. బల్బు భేషుగ్గా వెలుగుతుంది. కానీ ఏ గాలివానకో స్తంభం దగ్గర మీ నూట్రల్ తెగిన రోజున గీజర్ ఒంటికి, దాంతోపాటు ఫ్రిజ్జుకి, వాషింగ్ మెషీన్‌కి, మొత్తం ఇంట్లో ఉన్న ఇనుముకంతా నేరుగా ఫేజు వచ్చి కూర్చుంటుంది. అందుకే మూత విప్పించి కంటితో చూడండి. ఆకుపచ్చ తీగ బోర్డు దాటి మెయిన్ దాకా, మెయిన్ నుంచి పెరట్లో గుంత దాకా పోవాలి. మీ వైపు ఎర్రమట్టి, అడుగున రాయి, వర్షాలు ఆగాక నేల తొందరగా ఆరిపోతుంది. ఎండిన గుంత లేనట్టే. అందులో బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలం వారానికి రెండు మూడు బకెట్ల నీళ్ళు పోయడం మా నాన్నల కాలం నుంచీ ఉన్నదే, ఇప్పుడు కొత్త ఇళ్ళలో గుంత మీద టైల్సు వేసేసి ఎక్కడుందో కూడా మర్చిపోతున్నారు.

మిస్త్రీతోనే ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. గీజర్ ప్లగ్గు పీకేశాక కూడా కుళాయి దగ్గర టెస్టరు వెలిగితే దొంగ గీజర్ కాదు. మీది బోరు అంటున్నారు కాబట్టి, నీళ్ళలో మునిగి ఉండే ఆ మోటారు కేబుల్ జాయింటు పాడైనా నీళ్ళ లైను మొత్తానికి కరెంటు వస్తుంది. మోటారు వేసినప్పుడు, ఆపినప్పుడు రెండుసార్లూ చూడమనండి. ఎలాగూ పిలిచారు కనక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించేసుకోండి. ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ చూసేది వైరు కాలిపోకుండా, మనిషి సంగతి దానికి అక్కర్లేదు. మనిషి ఒంట్లోంచి పోయే చిన్న కరెంటుని పట్టుకునేది ఆర్‌సీసీబీ. చవకేం కాదు గానీ, కొత్త గీజర్‌కి పెడదామనుకున్న డబ్బులో చిన్న వాటా.

సరే, ఇక నీళ్ళు గంటకి గానీ కాగకపోవడం. కాయిల్ పోయింది కాబట్టి ఆలస్యంగా కాగుతోంది అన్న మాట నాకు రుచించలేదు. ఇళ్ళలో ఉండే 15 లీటర్ల గీజర్లకి మామూలుగా ఒకటే కాయిల్. అది మేకలా సగం రోజు మేసి సగం రోజు పడుకునేది కాదు, తెగితే తెగినట్టే, నీళ్ళు అసలు వేడెక్కవు. చీలితే షాకు కొడుతుంది, కాగడం మాత్రం కాగుతుంది. కాగుతోంది కానీ నెమ్మదిగా కాగుతోంది అంటే నా మొదటి అనుమానం కరెంటు మీద.

లెక్క చూడండి, చిన్నదే. మీ గీజర్ మీద 2000 వాట్లు అని రాసి ఉంటుంది, కానీ అది 230 వోల్టులు వస్తే. వోల్టేజి తగ్గితే పవరు అదే వంతున తగ్గదు, ఇంకా కిందకి పడిపోతుంది. 180 వచ్చిందంటే 2000 కాస్తా 1225 అయింది. 160 వచ్చిందంటే వెయ్యి కూడా లేదు, 970 దరిదాపు. మీది కోరాపుట్ పీఠభూమి, 900 మీటర్లకి కాస్త అటూ ఇటూ ఎత్తు. సాలూరు ఘాటెక్కి సుంకి దాటగానే డిసెంబర్లో బస్సు అద్దాలు మూసేసేది అందుకే. జనవరి పొద్దున్న మీ మేడ మీది ట్యాంకులో నీళ్ళు 14 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 15 లీటర్లని అక్కణ్ణుంచి 60 డిగ్రీలకి తేవాలంటే నిండు వోల్టేజికి 24 నిమిషాలు, 180కి 39 నిమిషాలు, 160కి 50 నిమిషాలు. ట్యాంకు, పైపుల్లో పోయే వేడి కూడా కలుపుకుంటే మీ గంట దాదాపు తేలిపోయింది. అదే మే నెలలో ట్యాంకు నీళ్ళే 28 డిగ్రీలుంటే నిండు వోల్టేజికి 17 నిమిషాలు చాలు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి గీజర్ మీద దీపాన్ని చూడండి (ఎర్తింగు బాగయ్యాకే సుమా). దీపం గంటసేపూ వెలుగుతూ చివరికి నీళ్ళు బాగానే కాగాయంటే కాయిల్ తప్పు లేదు, దానికి తిండి చాలడం లేదు. పది నిమిషాలకే దీపం ఆరిపోయి నీళ్ళు గోరువెచ్చగానే ఉంటే అది థర్మోస్టాట్ కథ. కాయిల్ మీద గార పేరుకుని ఆ వేడి అక్కడే నిలిచిపోతే, పక్కనే ఉన్న థర్మోస్టాట్ నీళ్ళన్నీ కాగాయనుకుని తొందరపడి ఆపేస్తుంది. దీపమే వెలగకపోతే లోపం బోర్డుది, ప్లగ్గుది, లేదా మితిమీరి వేడెక్కితే కరెంటు ఆపేసే లోపలి కటౌట్‌ది. దీపం వెలుగుతున్నా ఎంతసేపటికీ చల్లగానే ఉంటే అప్పుడు కాయిల్ తెగిందనుకోవచ్చు. మిస్త్రీ దగ్గర మల్టీమీటర్ ఉంటే కరెంటు ఆపేసి, కాయిల్ తీగలు విప్పి, రెండు కొసల మధ్య కొలవమనండి, 26 ఓముల చుట్టుపక్కల చూపిస్తే 2000 వాట్ల కాయిల్ నిక్షేపంగా ఉన్నట్టు. ఒక కొసకీ రాగి గొట్టానికీ మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు, చూపిస్తే చీలింది, మార్చేయండి. అయిదు నిమిషాల పని ఇది. ఈ కొలత లేకుండానే కాయిల్ పోయిందని చెప్పేవాడు గీజర్ చూసి చెప్పడం లేదు, మీ మొహం చూసి చెప్తున్నాడు.

వోల్టేజి ఎక్కడ పడుతోందో కూడా ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు. సాకెట్టులో గుచ్చితే అంకె చూపించే చిన్న మీటర్లు దొరుకుతాయి, జయపురంలోనో విజయనగరంలోనో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా అడగండి. గీజర్‌కి దగ్గర్లో అదే లైను మీదున్న సాకెట్టు ఏదైనా ఉంటే అందులో పెట్టి, గీజర్ వెయ్యకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూడండి. వెయ్యకముందే 170 ఉంటే లోపం వీధి లైనుది. చలికాలం పొద్దున్న ఆరింటికి వీధిలో అన్ని ఇళ్ళలోనూ గీజర్లు, రాడ్లు, కరెంటు పొయ్యిలు ఒక్కసారే వేస్తే ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ ఏం చేస్తుంది పాపం. మీరు అయిదింటికే వేసుకుని ఆపేసుకోండి, ఆ తేడా మీకే తెలుస్తుంది. 1912కి ఫోన్ చేసి కంప్లయింటు నంబరు తీసుకోండి, ఒక్కరు కాకుండా వీధిలో నలుగురూ చేస్తే మేలు.

అలా కాకుండా, వెయ్యకముందు 225 ఉండి వెయ్యగానే 190కి పడిందనుకోండి, అప్పుడు వీధిని తిట్టుకోకండి, లోపం మీ ఇంటిదే, లేదా స్తంభం నుంచి మీ ఇంటికొచ్చే తీగది. ఆ పోయిన 35 వోల్టులు ఊరికే పోవు. ఏదో ఒక వదులు జాయింటులోనో సన్న తీగలోనో 250 వాట్ల వేడిగా మారుతుంటాయి. గోడలో కనబడకుండా రెండున్నర వంద వాట్ల బల్బులు వెలుగుతున్నట్టే. ఎక్కువసార్లు ఇది ప్లగ్గు దగ్గరే దొరుకుతుంది. ప్లగ్గు పీకి పిన్నులు చూడండి, ఇత్తడి రంగు పోయి టీ డికాషన్ రంగుకి తిరిగి ఉంటే, సాకెట్టు చిల్లు అంచు నల్లబడి కాస్త కరిగినట్టు లోపలికి వంగి ఉంటే, వాసన చూస్తే కాలిన బేకలైటు కంపు వస్తే, దొంగ దొరికినట్టే. గీజర్‌కి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి, మెయిన్ నుంచి దానికంటూ విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉంటే మంచిది, 2.5 కంటే సన్నది మాత్రం పనికిరాదు. టీవీ బోర్డులోంచి లాగి కన్వర్టరు పిన్ను పెట్టడం నేను చూసినన్నిసార్లు ఇంకెవరూ చూసి ఉండరు.

లో వోల్టేజి ఉందని గీజర్‌కి స్టెబిలైజర్ కొనకండి. వోల్టేజి తగ్గితే ఫ్రిజ్జుకి ప్రమాదం గానీ గీజర్‌కి కాదు, నెమ్మదిగా కాగుతుంది అంతే.

ఇప్పుడు వాల్వు. చుక్కలు కారడం చాలావరకు రోగం కాదమ్మా, ఆరోగ్యం. నీళ్ళు వేడెక్కితే పొంగుతాయి. 15 లీటర్లు 60 డిగ్రీలకొచ్చేసరికి ఇంచుమించు పావు లీటరు పెరుగుతాయి. అంటే రెండు టీ గ్లాసులు. వెనక్కి పోనివ్వని వాల్వు ఉన్నప్పుడు ఆ రెండు గ్లాసులు బయటికి రావడానికి ఉన్న ఒకే దారి అదే. కాగేటప్పుడు కారి, ఆపాక ఆగిపోతుంటే దాన్ని ముట్టుకోకండి, కింద చిన్న ప్లాస్టిక్ గొట్టం తగిలించి మూలకి వదిలేయండి. గీజర్ ఆపేసి ఉన్నా రోజంతా కారుతుంటే వాల్వు లోపల నలకో సున్నమో ఇరుక్కుంది, లేదా స్ప్రింగు పోయింది. అప్పుడు వాల్వు మార్చాలి. కారుతున్నది వాల్వు నుంచి కాకుండా గీజర్ అడుగు మూత చుట్టూ అయితే రబ్బరు వాషర్, ఇంకెక్కడి నుంచైనా తుప్పు రంగులో కారితే ట్యాంకుకే చిల్లు పడింది, దానికి మందు లేదు.

డమ్మీ మాత్రం కొట్టనివ్వకండి. కొట్టనివ్వకండి అని రెండోసారి కూడా రాస్తున్నాను. థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆగకుండా కాగినప్పుడు ట్యాంకు పగలకుండా కాపాడేది ఆ వాల్వే, అది ప్రెషర్ కుక్కర్‌కి సేఫ్టీ వాల్వు లాంటిది. కుక్కర్ వాల్వుకి మైనం పెట్టి మూసి పప్పు వండమంటే మీరు వండుతారా? డమ్మీ కొడతానన్నాడంటేనే ఆ మిస్త్రీని మార్చేయొచ్చని నా ఉద్దేశం. పనితనం లేక కాదు, తల మీద వేలాడే పాతిక కిలోల డబ్బా అంటే భయం లేదతనికి.

గురగుర చప్పుడు మీ బోరు నీళ్ళ చలవ. బకెట్టు లోపలి అంచుకి తెల్లటి చార, షాంపూ నురగ రాకపోవడం, గిన్నెల మీద మచ్చలు, ఇవన్నీ మీ ఇంట్లో ఉండే ఉంటాయి. నీళ్ళు కాగేకొద్దీ అందులో సున్నం విడిపోయి కాయిల్ మీద పేరుకుంటుంది, ఆ పొర కింద చిక్కుకున్న నీళ్ళు బుడగలై పగులుతుంటే ఆ చప్పుడు. గార పట్టినందువల్ల కరెంటు ఎక్కువ కాలుతుందని అంటారు గానీ అది పెద్ద లెక్కలోది కాదు, కాయిల్ వేడి ఎటు తిరిగినా నీళ్ళలోకే పోవాలి. నష్టం కాయిల్‌కే. వేడి బయటికి పోయే దారి దొరక్క తనలో తానే మాడి చీలుతుంది, మనం మొదట్లో చెప్పుకున్న వెంట్రుకంత చీలిక అక్కడిదే.

నాలుగేళ్ళలో ఒక్కసారైనా విప్పించారా? విప్పించి ఉండరు. ఈసారి కాయిల్ బాగున్నా పోయినా, అడుగు మూత తీయించి లోపల శుభ్రం చేయించండి. ముందు కరెంటు తీసి, నీళ్ళు చల్లారాక మొత్తం వదిలేసి, మూత దింపితే అడుగున పెంకుల్లా దోసెడు సున్నం రాలుతుంది, పిల్లలకి చూపించండి, వాళ్ళు భలే సరదా పడతారు. కాయిల్ మీద ఉన్నదాన్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో కొన్ని గంటలు నానబెడితే మెత్తబడుతుంది. స్క్రూ డ్రైవర్ పెట్టి చెక్కనివ్వకండి, బాత్రూం కడిగే యాసిడ్ అసలే వద్దు, అది సున్నంతో పాటు రాగినీ తింటుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్ వేయించండి.

అప్పుడే మూతకి ఒక కడ్డీ బిగించి ఉంటుంది చూడండి, మెగ్నీషియం కడ్డీ. ట్యాంకు ఇనుముని తినాల్సిన తుప్పు దీన్ని తింటుంది, అలా అరిగిపోవడమే దాని ఉద్యోగం. మీది ఇప్పటికి సన్న పుల్లలా అయి ఉంటుంది, లేదా మధ్యలో తీగ ఒక్కటే మిగిలి ఉంటుంది. అది మార్చకుండా వదిలేస్తే తర్వాతి వంతు ట్యాంకుదే. ఏడాదికోసారి చూపించుకోండి. వేడి నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన వస్తున్నాయని రాయగడ వైపు నుంచి ఒకరు అడిగారు మొన్న, అది కూడా ఈ కడ్డీకీ నీళ్ళలోని గంధకాన్ని తినే సూక్ష్మజీవులకీ మధ్య వ్యవహారమే, ట్యాంకు ఒకసారి బాగా 70 డిగ్రీల దాకా కాచి మొత్తం వదిలేస్తే చాలావరకు పోతుంది. మామూలు రోజుల్లో నాబు 55-60 మధ్య ఉంచండి. ఎంత ఎక్కువ కాస్తే అంత గార.

ఒక పొరపాటు నాది కూడా చెప్పేస్తాను, సర్వీసు చేయించాక జరిగేదే కాబట్టి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్చి వేస్తే కాయిల్ పది నిమిషాల్లో మాడిపోతుంది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ ఈ ముక్క చెప్పినవాణ్ణి, ఒక జనవరిలో రాత్రంతా కరెంటు లేక మేడ మీద ట్యాంకు ఎండిపోయి, గీజర్‌లో మిగిలినవి కూడా అంతకు ముందే పనివాళ్ళు వదిలేసిన సంగతి మరచి, కరెంటు రాగానే నేనే వేశాను. వాసన వచ్చి వెళ్ళేసరికి అయిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే బాధ. వేడి నీళ్ళ కుళాయి తిప్పి నీళ్ళు ధారగా వస్తేనే స్విచ్చి దగ్గరికి వెళ్ళండి.

ఇక మీవారి 25 లీటర్ల మాట. వోల్టేజి 160 ఉన్న చోట 25 లీటర్ల గీజర్ కాగడానికి గంటా ఇరవై నిమిషాలు పైనే పడుతుంది, ఈసారి ఆరింటికి కాదు అయిదున్నర లోపే లేవాలి. నీళ్ళు ఆలస్యంగా కాగుతున్నాయన్న కారణానికి పెద్దది కొనడం లెక్కకి అందదు. నీళ్ళు చాలడం లేదు అంటే మాట వేరు. 60 డిగ్రీల 15 లీటర్లలో 14 డిగ్రీల చన్నీళ్ళు కలిపి స్నానానికి సరిపడా చేస్తే వచ్చేది 26 లీటర్లు, అంటే బకెట్టున్నర లోపు. ఇంట్లో అయిదుగురు వరసగా స్నానం చేస్తే మూడో మనిషి అరవాల్సిందే. ఒక్కోసారి కొత్తగా బిగించిన ఇళ్ళలో రెండు చెంబులకే చల్లబడిపోతుంది, అక్కడ చూడాల్సింది చన్నీళ్ళ పైపు నీలం గుర్తు వైపు, వేడి పైపు ఎర్ర గుర్తు వైపు ఉన్నాయా లేక తారుమారయ్యాయా అని. మీది నాలుగేళ్ళు బాగానే నడిచింది కాబట్టి ఆ అనుమానం లేదు. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ ఎవరైనా చెబితే మీ ఊళ్ళో తీసుకోకండి, 160 వోల్టులకి అది చెయ్యి కడుక్కోవడానికి సరిపోతుంది.

ట్యాంకు చిల్లు పడలేదు కదా, ఇప్పుడే ఎందుకు పడేయడం? ఎర్తింగు, ఆర్‌సీసీబీ, సర్వీసు, కడ్డీ, అవసరమైతే కాయిల్. ఇవన్నీ చేయించినా కొత్తదానంత ఖర్చు కాదు, పైగా రేపు కొత్తది కొన్నా ఎర్తింగూ ఆర్‌సీసీబీ అలాగే పనికొస్తాయి. కొత్త గీజర్‌ని అదే సాకెట్టుకి తగిలిస్తే మాత్రం అదే జిల్లు మళ్ళీ వస్తుంది, ఆలస్యంగా వస్తుంది అంతే.

మిస్త్రీ వచ్చి వెళ్ళాక మూడు సంగతులు రాయండి: బోర్డులో ఆకుపచ్చ తీగ ఎక్కడ తేలింది, కాయిల్ ఎన్ని ఓములు చూపించింది, పొద్దున్న ఆరింటికి గీజర్ వెయ్యకముందూ వేశాకా వోల్టేజి ఎంత. ఆ అంకెలు ఉంటే వీధి లైను కంప్లయింటు కాగితం ఎలా రాయాలో నేను రాసి పంపుతాను, ఒడియాలో కావాలన్నా సరే, మా పక్కింటి మాస్టారు ఉన్నారు.